మూడు చక్రాల బండి ఇచ్చాక మిగిలే పని

దివ్యాంగులకు బండ్లు ఇవ్వడం మన సంస్థల్లో ఏళ్లుగా నడుస్తున్న మంచి పని. రంజాన్‌లో జకాత్ లెక్క చూసుకునేటప్పుడు "ఈసారి ఒక బండి ఖర్చు నాది" అని ముందుకొచ్చే దాతలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వార్షికోత్సవం నాడు కొత్త బండ్లు వేదిక ముందు వరుసగా నిలబడతాయి, తాళాలు చేతికందుతాయి, ఫోటోలు తీస్తారు. ఏడాది గడిచాక అవే బండ్లను వెతుక్కుంటూ వెళితే కొన్ని రోజూ రోడ్డెక్కుతుంటాయి, కొన్ని ఇంటి గోడ పక్కన పాత దుప్పటి కింద ఉంటాయి. బండి రెండుచోట్లా ఒకటే. తేడా అంతా బండితోపాటు అందాల్సిన వాటిలో ఉంది: కాగితాలు, బ్యాటరీ, నిలపడానికి జాగా, లోపలికి వెళ్లే దారి. డబ్బు ఇచ్చేవారికి ఈ సంగతులు ఎవరూ విడమరిచి చెప్పరు కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాం.

బస్సులుండగా సొంత బండి ఎందుకని కొందరు అడుగుతారు. బస్సుల్లో దివ్యాంగులకు ప్రత్యేక సీట్లు, చేతికర్రలు పెట్టుకునే చోటు, పట్టుకునే కడ్డీలు, వీల్‌చైర్ ఎక్కించి కదలకుండా బిగించే ఏర్పాటు ఉండాలని కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్ని సవరించింది. 2020 మార్చి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కానీ మన పల్లెవెలుగు బస్సు మెట్టు ఎత్తు ఎంతో అందరికీ తెలుసు. పాస్ ఉన్నా, సీటు ఉన్నా, ఆ మెట్టు ఎక్కలేనివారికి బస్సు లేనట్టే. కూరగాయల మార్కెట్‌కో, టైలరింగ్ షాపుకో, మొబైల్ రిపేర్ దుకాణానికో రోజూ వెళ్లి రావాల్సిన మనిషికి సొంత బండే ఉపాధి.

ఇక ఆ మనిషి ఎవరు? మన మనసులో ఉన్న బొమ్మ పోలియో వచ్చిన యువకుడిది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో మన దేశం పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. కాబట్టి నాటి పిల్లలు ఇప్పుడు సంసారాలు మోస్తున్న పెద్దవాళ్లు. ఇప్పుడు వాళ్లతోపాటు రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లు, షుగర్ ముదిరి కాలు తీసేయాల్సి వచ్చినవాళ్లు, పక్షవాతంతో ఒక పక్క బలం తగ్గినవాళ్లు కూడా ఉన్నారు. వీరందరికీ ఒకే బండి సరిపోదు. పోలియో మనిషికి చిన్నప్పటినుంచీ చేతుల మీద నడిచిన బలం ఉంటుంది. వెన్నుపూస దెబ్బతిన్న మనిషికి నడుము కింద స్పర్శ తెలియదు; గట్టి సీటు మీద గంటసేపు కూర్చుంటే పుండు పడినా తెలియదు. అతనికి మెత్తని కుషన్, వీపుకి ఆనుడు తప్పనిసరి. పక్షవాతం వచ్చినవారికి ఏ చేయి పనిచేస్తుందో చూసి బ్రేకు ఆ చేతికి అందేలా బిగించాలి. షుగర్ ఉన్నవారికి ముందు కళ్లు పరీక్ష చేయించాలి. ఒకే రకం బండ్లు పది కొనేసి పంచితే లెక్క సులువుగానే ఉంటుంది, కానీ అందులో కొన్ని దుప్పటి కిందకే పోతాయి.

బ్యాటరీతో నడిచే ట్రైసైకిల్ ఒక రకం. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, మిగతా షరతులు కూడా తీరుస్తుందని టెస్టింగ్ ఏజెన్సీ ధ్రువీకరించిన బండిని చట్టం మోటారు వాహనంగా లెక్కపెట్టదు. అలాంటి బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. కొనేముందు ఆ సర్టిఫికెట్ ఉందో లేదో డీలర్‌ని అడగాలి. ఈ రకానికి అసలు జబ్బు బ్యాటరీ. కొన్నేళ్లకు అది ఛార్జి నిలపదు. కొత్తది కొనడం నెలకింత అని కూలీ తెచ్చుకునే ఇంట్లో పెద్ద ఖర్చు. బండితోపాటు రెండో బ్యాటరీ డబ్బు కూడా పక్కన పెట్టే దాత నిజంగా రెండు బండ్లు ఇచ్చినట్టే. కేంద్రప్రభుత్వం అడిప్ పథకం కింద, కాన్పూర్‌లోని అలింకో సంస్థ ద్వారా ఇలాంటివి ఇస్తుంది. అయితే మోటారు ట్రైసైకిల్‌కు సాధారణంగా 80 శాతం, అంతకు పైబడిన వైకల్యం ఉండాలి. చట్టం దృష్టిలో కనీసం 40 శాతం ఉంటేనే చాలా సదుపాయాలకు అర్హత వస్తుంది. సదరం సర్టిఫికెట్ మీద 50 అనో 65 అనో ఉన్నవారు ఈ రెండు అంకెల మధ్య చిక్కుకుంటారు. దరఖాస్తులు చూసే కమిటీలు ముందు వీరిని చూడాలని నా అభిప్రాయం.

రెండో రకం అందరికీ తెలిసిన మూడు చక్రాల స్కూటీ. గేరు లేని మామూలు స్కూటర్ కొని, వెనక చక్రానికి అటూ ఇటూ సైడ్ వీల్స్ బిగిస్తారు. లెక్కకు నాలుగు చక్రాలైనా జనం నోట అది మూడు చక్రాల బండే. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల కార్పొరేషన్లు ఇచ్చేవాటిలోనూ ఇవి ఉన్నాయి. ఇది పూర్తిగా మోటారు వాహనం. ఇక్కడే కాగితాల కథ మొదలవుతుంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో "ఇన్వాలిడ్ క్యారేజ్" అనే మాట ఉండేది. దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా తయారైన బండికే ఆ పేరు. మామూలు బండిని మార్చి వాడుకుంటే అది ఆ నిర్వచనంలోకి రాదు. 2019 సవరణ ఆ మాట తీసేసి "అడాప్టెడ్ వెహికల్" అని పెట్టింది, మార్పు చేసిన బండిని కూడా అందులో చేర్చింది. సైడ్ వీల్స్ స్కూటీకి ఇది పెద్ద మేలు. కానీ మార్పు చేసిన సంగతి ఆర్టీవో ఆఫీసులో చెప్పి, ఆమోదం పొంది, ఆర్సీలో ఎక్కించుకోవాలి. మెకానిక్ దగ్గర మధ్యాహ్నానికి చక్రాలు బిగించుకుని సాయంత్రం ఇంటికి వచ్చేస్తే సరిపోదు.

ఆర్సీలో ఎక్కకపోతే ఏమవుతుంది? ట్రాఫిక్ పోలీసు ఆపితే జాలిపడి వదిలేయవచ్చు. ప్రమాదం జరిగితే మాత్రం బీమా కంపెనీ జాలిపడదు. మూడో వ్యక్తికి దెబ్బ తగిలినప్పుడు పరిహారం కట్టడానికి థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం తప్పనిసరి. అది లేకపోతే ట్రిబ్యునల్ వేసిన పరిహారం బండి యజమాని సొంతంగా కట్టాలి. లైసెన్సు లేకపోయినా, బండికి చేసిన మార్పు కాగితాల మీద లేకపోయినా కంపెనీ కొర్రీ వేస్తుంది, కట్టిన డబ్బు యజమాని నుంచి వసూలు చేసుకోవాలని కూడా చూడవచ్చు. మనం దానంగా ఇచ్చిన బండి ఒక పేదవాడి నెత్తిన లక్షల అప్పు పెట్టకూడదు కదా. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలి, కాబట్టి మొదటి అయిదేళ్లకు ఆ చింత తక్కువ. చక్రాలు బిగించిన సంగతి కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం మాత్రం మరవద్దు. దివ్యాంగుల కోసం మార్చిన బండికి సొంత నష్టం ప్రీమియంలో తగ్గింపు ఇచ్చే ఐఎంటీ-12 అనే ఎండార్స్‌మెంట్ ఉంది. అడిగితేనే దాని మాట ఎత్తుతారు.

లైసెన్సు సంగతి చాలామందిని వెనక్కి లాగుతుంది. "కాలు లేనివాడికి లైసెన్సు ఇస్తారా?" అని బండి తీసుకునేవారే సందేహిస్తారు. ఇస్తారు. అతను నడపబోయే అడాప్టెడ్ వెహికల్‌కు పరిమితమైన లైసెన్సు చట్టంలోనే ఉంది. డాక్టరు పరీక్ష, లెర్నర్ లైసెన్సు, కనీసం 30 రోజుల తర్వాత డ్రైవింగ్ టెస్టు అనే వరుస అందరికీ ఉన్నట్టే ఉంటుంది. టెస్టు మాత్రం తన బండి మీదే ఇవ్వాలి. అంటే బండి ముందు రావాలి, లైసెన్సు తర్వాత. ఈ మధ్యకాలంలోనే చాలామంది ఆగిపోతారు: ఆర్టీవో ఆఫీసుకు రెండు మూడుసార్లు తిరగాలి, ఆన్‌లైన్ స్లాటు తీసుకోవాలి, తోడు ఒకరు రావాలి, ఆ రోజు కూలీ పోతుంది. సంస్థ తరఫున ఒక కుర్రవాడు రెండు రోజులు వెంట ఉంటే ఈ గండం గట్టెక్కుతుంది. ఇందుకయ్యే ఖర్చు బండి ధరలో చాలా కొంచెం. చెవి వినిపించనివారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టెస్టు పాసైతే వారికి లైసెన్సు నిరాకరించకూడదని 2011లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఇది తెలియక ఇప్పటికీ దరఖాస్తే పెట్టనివారు మన బస్తీల్లో ఉన్నారు.

కారు అంటే దానాల పరిధి దాటినట్టు అనిపిస్తుంది గానీ, దాతల ఇళ్లలోనే అవసరం ఉన్నవారుంటారు కాబట్టి రెండు మాటలు. ఎడమ కాలు మాత్రమే పనిచేయనివారికి ఆటోమేటిక్ కారు దాదాపు ఏ మార్పూ లేకుండా సరిపోతుంది, ఎందుకంటే అందులో క్లచ్ ఉండదు. 2014లో మారుతి సెలెరియోతో చవక ఆటోమేటిక్ కార్లు వచ్చాక ఇది మధ్యతరగతికి అందింది. కుడి కాలు పనిచేయకపోతే యాక్సిలరేటర్‌ని ఎడమ కాలికి మార్చాలి, లేదా చేతితో నొక్కే కిట్ బిగించాలి. ఇలాంటి కిట్ల మీద జీఎస్టీని 2021లో 5 శాతానికి తగ్గించారు. చిన్న కార్ల మీద దివ్యాంగులకు ఒకప్పుడు ప్రత్యేకంగా ఇచ్చిన రేటు 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లన్నింటికీ అదే రేటు. జీవితకాల పన్ను మినహాయింపు గురించి రిజిస్ట్రేషన్‌కు ముందే ఆర్టీవో ఆఫీసులో అడగడం మంచిది.

జకాత్ డబ్బుతో బండి ఇచ్చేవారు ఒక విషయం గమనించాలి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము హక్కుదారుడి యాజమాన్యంలోకి పోవాలి, దీన్నే తమ్లీక్ అంటారు. ఆర్సీ సొసైటీ పేరున ఉంచి "వాడుకోమని" ఇస్తే ఆ షరతు నెరవేరిందా అన్నది ప్రశ్నే. బండి మొదటిరోజు నుంచే అతని పేరున రిజిస్టర్ చేయిస్తే ధర్మమూ చట్టమూ రెండూ నిలుస్తాయి. దివ్యాంగుల రాయితీలు కూడా అతని పేరున ఉంటేనే వర్తిస్తాయి. ర్యాంపు కట్టడం, పార్కింగ్ జాగా చదును చేయడం వంటివి ఎవరి సొంతమూ కావు కాబట్టి వాటికి సదఖా, లిల్లాహ్ నిధి వాడటం మంచిది. సందేహం ఉంటే మీ మస్జిద్ ఇమామ్‌గారినో, ముఫ్తీ సాహెబ్‌నో అడగండి.

ఇప్పుడు బండి ఉంది, కాగితాలున్నాయి. ఎక్కడ నిలపాలి? సైడ్ వీల్స్ స్కూటీకి మామూలుగా రివర్స్ గేరు ఉండదు. మనం కాళ్లు నేలకు తన్ని బండిని వెనక్కి నెట్టుకుంటాం, అతనికి అది కుదరదు. బైకుల వరుసలో ముక్కు దూర్చి నిలిపితే తిరిగి బయటకు రావడానికి ఎవరో ఒకరు వచ్చి లాగాలి. అతనికి కావలసింది నేరుగా వచ్చి నేరుగా వెళ్లిపోగల జాగా, అంతే. కారుకైతే లెక్క వేరు. వీల్‌చైర్ కారు పక్కకు రావాలంటే తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, ఆ పక్కన కుర్చీ తిరగాలి. అందుకే నిర్మాణ నిబంధనల్లో ఇలాంటి జాగా వెడల్పు కనీసం 3.6 మీటర్లు ఉండాలన్నారు, భవనం ద్వారానికి 30 మీటర్ల లోపు కనీసం రెండు కార్ల జాగా ఉంచాలన్నారు. దూరం ఎందుకంటే, చేతికర్రల మీద నడిచేవారికి మన వంద అడుగులు ఆయాసం తెప్పించే దూరం.

ర్యాంపుకు లెక్క ఒకటికి పన్నెండు. అంటే అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు వాలు. ఆరంగుళాల మెట్లు నాలుగుంటే రెండడుగుల ఎత్తు, దానికి ఇరవై నాలుగు అడుగుల ర్యాంపు. మన షాదీఖానాల ముందు, మస్జిద్‌ల ముందు ఉన్న చాలా ర్యాంపులు బైకు లోపలికి ఎక్కించడానికి కట్టినవి. ఆరేడు అడుగుల్లో పైకి లేస్తాయి. వాటి మీద వీల్‌చైర్‌ను ఇద్దరు మనుషులు తోయాలి, దిగేటప్పుడు ఇంకా ప్రమాదం. స్థలం లేకపోతే మధ్యలో మలుపు తిప్పి కట్టవచ్చు. పై చివర తలుపు ముందు కుర్చీ నిలిచేంత చదును ఉండాలి, ఆ చదును మీద చెప్పుల గుట్ట ఉండకూడదు.

ఇవన్నీ సలహాలే కదా అనే రోజులు పోతున్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారి దివ్యాంగుల అధ్యయన కేంద్రం చేత నివేదిక తెప్పించుకుంది. ఆ తర్వాత 2024 నవంబరు 8న, ఈ ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేయడం చెల్లదని, తప్పనిసరి నిబంధనలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. రేపు కొత్త హాలుకు ప్లాను గీయించే కమిటీలు ఇప్పుడే ఆర్కిటెక్టును ఆ కొలతలు అడిగితే తర్వాత పగలగొట్టే ఖర్చు ఉండదు.

పాత భవనాల్లో కూడా చేయగలిగింది ఉంది. జుమా రోజు మస్జిద్ ద్వారానికి దగ్గరలో రెండు బండ్ల జాగాకు పసుపు రంగు గీత గీసి, వీల్‌చైర్ గుర్తు వేయించి, అజాన్ నుంచి నమాజు అయ్యేదాకా ఒక వాలంటీర్‌ను అక్కడ నిలబెడితే చాలు. గీత ఒక్కటే ఉంటే రెండో వారానికి దాని మీద మన బైకులే ఉంటాయి.