ఒంటి మీది గుర్తే చేపకు ఊరూ పేరూ

చీరాల: తెల్లవారుజామున వాడరేవు ఒడ్డున వల విదిలిస్తే ఇసుక మీద పడిన చేపలన్నీ కొత్తవారి కంటికి ఒకే తీరున మెరుస్తాయి. గంప దించి కూర్చున్న మత్స్యకార స్త్రీ మాత్రం వాటిని నిమిషాల మీద వేరు చేస్తుంది. చేప చిన్నదా, పెద్దదా అన్నది కాదు ఆమె చూసేది. ఒంటి మీది చారను, చుక్కను, మచ్చను.

అందరికీ తెలిసిన కానగుర్తనే తీసుకుందాం. కానగంత అని, కానగడత అని రేవుకో తీరున దీన్ని పలుకుతారు. వీపు మీద తల నుంచి తోక వైపు సాగే సన్నని నల్ల చారలు, రొమ్ము రెక్క కింది అంచు దగ్గర ఒక నల్ల మచ్చ దీని ఆనవాళ్లు. చేప తాజాగా ఉన్నప్పుడు ఆ చారలు బంగారు ఛాయలో ఉంటాయి. అంటే ఆ చార చేప పేరునే కాక, అది వలలో పడి ఎంతసేపయిందో కూడా కొంత చెబుతుందన్నమాట.

వంజరంలో మూడు రకాలు

కొనేవారు ఎక్కువగా తికమక పడేది వంజరం దగ్గర. ఇందులో ప్రధానంగా మూడు రకాలున్నాయి. వీపు నుంచి పొట్ట వైపు అలల్లా దిగే సన్నని గీతలుంటే అది అన్నిటికన్నా పెద్దగా పెరిగే రకం. పిల్ల చేపకు ఈ గీతలు 20 లోపే ఉంటాయి. పెరిగిన చేపకు 40, 50 వరకు వస్తాయి. పక్కల వెంట గుండ్రని చుక్కలు వరుసలుగా ఉంటే రెండో రకం. తల నుంచి తోక వైపు తెగి తెగి సాగే పొట్టి గీతలుంటే మూడోది. ముక్కలు కోసి, తోలు తీసేసిన తర్వాత ఈ గుర్తులేవీ మిగలవు. అప్పుడు చౌక చేపను వంజరం ధరకు అంటగట్టినా కనిపెట్టడం కష్టం.

మచ్చల చేపకు లక్షలు

గొరక జాతిలో పెద్దదైన కచిడి వీపు మీద, వీపు రెక్క, తోక రెక్కల మీద నల్లని చిన్న చుక్కలుంటాయి. పిల్ల కచిడికి వీపు వెంట 5 పెద్ద మచ్చలు కనిపిస్తాయి. దీని గాలితిత్తికి విదేశాల్లో గిరాకీ ఉన్నందున ఒక్కో చేప లక్షల రూపాయలు పలికిన సందర్భాలున్నాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్నే రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఆ మచ్చలను గుర్తించలేక మామూలు గొరకల్లో కలిపి అమ్ముకుంటే పడవవారికి కలిగే నష్టం అంతా ఇంతా కాదు.

తెలుగు పేరు ప్రపంచానికెక్కింది

ఈ గుర్తుల విద్యను గ్రంథానికెక్కించిన తొలివారిలో స్కాట్లాండుకు చెందిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ ఒకరు. మన రక్తపింజరిని ఇంగ్లీషువారు పిలిచేది ఈయన పేరుతోనే. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండగా ఆయన ఇదే తీరానికి ఉత్తరాన విశాఖపట్నంలో 200 చేపలను సేకరించి, వాటి బొమ్మలు, వర్ణనలు 1803లో 2 సంపుటాలుగా వెలువరించారు. అక్కడివారు పిలుచుకునే తెలుగు పేర్లనే చాలా చేపలకు రాసుకున్నారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే 1816లో ఆ పేర్లలో ఒకదాన్ని శాస్త్రీయ నామంగా స్వీకరించారు. అందుకే ఈనాటికీ ప్రపంచమంతటా శాస్త్రగ్రంథాల్లో ఆ చేప పేరు ‘రాస్ట్రెల్లిగర్ కానగుర్త’. పేరు చెప్పిన బెస్తవారి పేర్లు మాత్రం దాని వెంట రాలేదు.

ఇప్పుడు పట్టణాల్లో శుభ్రం చేసి, కోసి, సంచిలో పెట్టిన ముక్కలు కొనే అలవాటు పెరిగింది. దానితో పాటే చేపను చూసి పేరు చెప్పగలిగేవారు తగ్గుతున్నారు. ఈసారి చేపలు కొనేటప్పుడు కోయక ముందే చేతిలోకి తీసుకుని చార, చుక్క, మచ్చ చూడటం మంచిది. తెలియకపోతే గంప ముందు కూర్చున్న ఆమెనే అడగవచ్చు. రస్సెల్ దొర నేర్చుకున్నదీ అటువంటివారి దగ్గరే.