సైనిక పతకం విలువ వెండిలో లేదు

లాలాపేట: లాలాపేట, తార్నాక పరిసరాల్లో ఎవరి ఇంటనైనా తాతల నాటి సైనిక పతకం ఉంటే దానిని తూకానికి అమ్మడం తొందరపాటే అవుతుంది. 1914-18 యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పనిచేశారు. ఆనాటి బ్రిటిష్ వార్ మెడల్‌లో ఉన్నది సుమారు 30 గ్రాముల వెండి మాత్రమే. అయితే అంచుపై సైనికుని నంబరు, పేరు, దళం ముద్రించి ఉంటాయి. సేకరణకర్తలు ధర కట్టేది ఆ అక్షరాలకే. అవి అరిగినా, చెరిపినా ధర పడిపోతుంది. కరిగిస్తే ఆ సైనికుని ఆనవాలే మిగలదు.

చారిత్రక ప్రాధాన్యం గల వస్తువు నూరేళ్లు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. అమ్మదలచినవారు పతకానికి మెరుగు పెట్టించక, ముందుగా అంచుపై పేరును భూతద్దంతో చదివించుకోవడం మేలు.