ప్లాను మూలన ఉండే గమనికలు

పదో తరగతి తర్వాత మన పిల్లల్లో కొందరు ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడు తీసుకుంటున్నారు. రెండేళ్ల కోర్సు. తిరుత్తణిలో చదివి అలా చేరిన మా పాత విద్యార్థి ఒకడు ఆమధ్య తాను గీసిన ఇంటి ప్లాను తెచ్చి చూపించాడు. గీతలు ముచ్చటగా ఉన్నాయి. తేడా అంతా మూలన రాసిన గమనికల్లోనే.

అంకెలు తనే కొట్టి, స్పేస్‌బార్‌తో జరుపుకుంటూ పోయాడు. మధ్యలో ఒక గమనిక చేర్చేసరికి 3 రెండుసార్లు పడింది. మెట్ల బొమ్మ పక్కనేమో ‘గమనిక 4 చూడండి’ అని ఉంది. మేస్త్రీ ఏది చూసి కమ్మి కట్టాలి?

ఆటోక్యాడ్‌లో మల్టీలైన్ టెక్స్ట్ తెరిచి 1, చుక్క, ఆపైన ట్యాబ్ కొడితే జాబితా మొదలవుతుంది. ఎంటర్ నొక్కినప్పుడల్లా తర్వాతి అంకె అదే వస్తుంది. మధ్యలో చేర్చినా, తీసేసినా వరుస తనే సర్దుకుంటుంది. మెట్ల దగ్గరి 4ను మాత్రం మనమే దిద్దాలి. పిల్లలు మరిచేది అక్కడే. వరుసతో పనిలేని వాటికి అంకెలు వద్దు, బుల్లెట్లు చాలు.

తెలుగులో రాయాలంటే ముందు గౌతమి లాంటి ఫాంటు ఎంచుకోవాలి. లేకపోతే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు కనిపించవచ్చు.

దీనికి ఐటీఐ దాకా ఆగనక్కర్లేదు. తిరువళ్లూరు, తిరుత్తణి బడుల్లో కంప్యూటరు ఉన్నచోట, తొమ్మిదో తరగతి సైన్సు ప్రయోగ విధానాన్ని పిల్లల చేతే ఇలా టైపు చేయించవచ్చు.