గుల్లలు తెలుపు సముద్రచరిత్ర

సముద్రతీరమువారు తాంబూలమునకై గుల్లసున్నము చేయు విధమును మనలో పలువు రెరుగుదురు. గుల్లలను బట్టీలో పెట్టి కాల్చగా వానినుండి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి సున్నము మిగులును. సున్నము చేయువానికి ఆ పోవు వాయువుతో పనిలేదు. రసాయనశాస్త్రజ్ఞునకో, అదియే ధనము. అతడు గుల్లను కాల్పక ఫాస్ఫారికామ్లములో కరగించి, వెడలు వాయువును పట్టి పరీక్షించును. ఆ గుల్ల పెరిగిన నీరెంత చల్లనిదో, ఆనాడు భూమిపై మంచెంత పేరుకొని యుండెనో ఆ వాయువువలన తెలియనగును.

ఇది యెట్లు సాధ్యమో గ్రహించుటకు ఆక్సిజనును గూర్చి కొంత తెలియవలెను. ఆక్సిజను పరమాణువు లన్నియు ఒకే బరువు గలవి కావు. వానిలో మిక్కిలి హెచ్చుభాగము 16 పాళ్ల బరువు గలవి. ఇంచుమించు 500 పరమాణువులలో ఒకటి 18 పాళ్ల బరువు గలది. (17 పాళ్లవియు కలవు గాని అవి మరింత అరుదు.) జలచరము గుల్ల కట్టుకొనునపుడు, నీరు చల్లనైన కొలది బరువైన పరమాణువులు కొంచెము హెచ్చుగా గుల్లలో చేరును. నీరొక డిగ్రీ చల్లబడినచో ఆ హెచ్చు పదివేలకు సుమారు రెండు పాళ్లు మాత్రమే. ఇంత స్వల్పభేదమును పట్టునది మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రము. అందు వాయువు అణువులకు విద్యుదావేశము కల్పించి అయస్కాంతము నడుమ పరుగెత్తింతురు. తేలికవి ఎక్కువగాను, బరువైనవి తక్కువగాను వంగి వేరుపడును; పిమ్మట వానిని లెక్కింతురు.

ఈ మార్గమును చూపినవాడు అమెరికా దేశస్థుడగు హెరాల్డ్ యూరీ. భార ఉదజనిని కనుగొన్నందులకు 1934లో నోబెల్ బహుమానము నొందిన యీయన, 1947లో ఈ యూహను ప్రకటించెను. 1951లో ఆయనయు సహచరులును వెలువరించిన ఫలితములలో నొకటి విద్యార్థులు తప్పక వినదగినది. స్కాట్లండునందలి స్కై దీవిలో దొరికిన బెలమ్నైటు అను శిలాజమును వారు తీసికొనిరి. అది ఆక్టోపసునకు దూరపు బంధువగు నొక ప్రాణి. కోట్లకొలది సంవత్సరములకు పూర్వము జీవించినది. మాను మొద్దులోని వలయములవలె నున్న దాని పొరలను వేర్వేరుగా గీచి పరీక్షింపగా, ఆ ప్రాణి తన బాల్యము గడచిన పిమ్మట మూడు వేసవులను, నాలుగు శీతకాలములను చూచి, సుమారు నాలుగేండ్ల యీడున వసంతఋతువులో చనిపోయినట్లు తేలెను. అది వసించిన నీటి సగటు ఉష్ణోగ్రత 17.6 డిగ్రీలు, వేసవికిని చలికాలమునకును భేదము ఆరు డిగ్రీలు!

ఇక కష్టము చెప్పవలెను. సముద్రముపై తేలు ఫొరామినిఫెరా అను సూక్ష్మజీవులు చచ్చి అడుగున పడగా, వాని గుల్లలు బురదతో కలిసి పొరలు పొరలుగా పేరుకొనును. పొడవైన గొట్టములను దించి ఆ బురదను పైకి తీయుదురు. క్రిందికి పోయిన కొలది ప్రాత కాలము. చెసారే ఎమిలియాని అను ఇటలీ దేశీయుడు చికాగోలో ఇట్టి గుల్లలను పరీక్షించి, అందలి బరువైన ఆక్సిజను మాటిమాటికి హెచ్చి తగ్గుటను 1955లో ప్రకటించెను. ఆ మార్పులో అధికభాగము నీటి వేడిమివలననే కలిగినదని ఆయన తలచెను.

కాని మార్పునకు మరియొక హేతువు కలదు. సముద్రపు నీరు ఆవిరి యగునపుడు తేలిక ఆక్సిజను గల నీరు ముందుగా లేచును. ఆ ఆవిరి ధ్రువప్రాంతములలో మంచుగా కురిసి, కరగక నిలిచిపోయినచో, సముద్రమున బరువైన ఆక్సిజను పాలు హెచ్చును. చలియు మంచును రెండును గుల్లను ఒకే వైపునకు త్రిప్పుచున్నవి. ఒక్క సంఖ్యలో రెండు కారణములు కలిసియుండగా వేరుచేయు టెట్లు?

కేంబ్రిడ్జిలోని నికొలస్ షాకల్టన్ 1967లో చెప్పిన యుక్తి నాకు మొదటి యూహకంటెను రుచించును. ఆయన సముద్రపు అడుగుననే నివసించు ఫొరామినిఫెరా గుల్లలను పరీక్షించెను. అగాధమున నీరు నేడును గడ్డకట్టు స్థితికి కొలది డిగ్రీలు పైన మాత్రమే యున్నది. అంతకంటె మిక్కిలి చల్లబడుటకు తావులేదు. అయినను అడుగు గుల్లలలోని మార్పు పై గుల్లలలోని మార్పునకు ఇంచుమించు సమానముగా నుండెను. కనుక అందలి హెచ్చుభాగము చలివలన గాక, సముద్రమునుండి మంచుగా పోయిన నీటివలన కలిగినదే. ఉష్ణమానిని యనుకొన్నది మంచును కొలుచు సాధనముగా తేలెను! సుమారు 20,000 సంవత్సరముల క్రిందట సముద్రమట్టము నేటికంటె దాదాపు 120 మీటర్లు దిగువను ఉండెను.

పిదప 1976లో హేస్, ఇంబ్రీ, షాకల్టన్ అను మువ్వురు హిందూ మహాసముద్రపు దక్షిణభాగమునందలి బురదను పరీక్షించి, ఈ మార్పులు సుమారు 23,000, 42,000, 1,00,000 సంవత్సరముల కొకసారి తిరిగివచ్చు ననియు, భూమి సూర్యుని చుట్టు తిరుగు మార్గములోను, దాని యిరుసు వాలులోను కలుగు మార్పులే మూలమనియు స్థాపించిరి.

నదీముఖములవద్ద మూడవ కారణము చేరును. వాననీటిలో బరువైన ఆక్సిజను తక్కువ. వరదనీరు కలిసినచోట గుల్లలు తేలికపడును, నది సన్నగిలి నీరుప్పనైనచో బరువెక్కును. మన గోదావరి సముద్రమున కలియుచోటికి సమీపమున తీసిన బురదను గూర్చిన పరిశోధన 2012లో వెలువడినది. అందలి గుల్లలనుబట్టి, గత 3,000 సంవత్సరములలో బంగాళాఖాతపు నీరు అంతకు ముందెన్నడును లేనంత ఉప్పనైన కాలములు కొన్ని కలవని తెలిసినది. ఆ బురదలోనే దొరికిన ఆకుల మైనమును పరీక్షింపగా, సుమారు 4,000 సంవత్సరముల క్రిందటినుండి 1,700 సంవత్సరముల క్రిందటివరకు గోదావరి పరీవాహకభూమిలో ఎండకోర్చు మొక్కలు క్రమముగా హెచ్చి, ఆ పిమ్మట తగ్గక నిలిచినట్లు కనబడెను.