గోగునార గోనె సంచికే పరిమితమా?

గోగు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది గోంగూర పచ్చడి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్ట రైతుకు మాత్రం గోగు అంటే నార పంట. తొలకరికి విత్తి, పూత దశలో కోసి, కట్టలు కట్టి చెరువులో నానవేసి నార తీయడం ఇక్కడ తరతరాల పని. ప్లాస్టిక్ సంచులు వచ్చాక గోనె సంచులకు గిరాకీ పడిపోయింది. చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. గోగు సాగూ బాగా తగ్గిపోయింది.

అయితే ఈ నారకు మరో దారి ఉంది. విదేశాల్లో కెనాఫ్ అని పిలిచే గోగునారను ప్లాస్టిక్‌తో కలిపి అచ్చుపోసి, కార్ల తలుపుల లోపలి పలకలు తయారు చేస్తున్నారు.

బలమెంత?

ఇలాంటి పలకల్లో సాధారణంగా వాడే గాజు పీచు నీటికంటే రెండున్నర రెట్లు బరువు. గోగునార సుమారు ఒకటిన్నర రెట్లే. లాగితే తెగకుండా నిలవడంలో గాజుదే పైచేయి. కానీ బరువుకు బరువు లెక్క వేస్తే, వంగకుండా నిలిచే బిగువులో గోగునార గాజుకు దగ్గరగా వస్తుంది. కారు బరువు తగ్గితే ఇంధనం ఆదా అవుతుంది.

లోపాలూ లేకపోలేదు. నార తేమను పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ నీటిని దరి చేరనివ్వదు. అందుకే రెండూ సరిగా అతుక్కోవు. నారను పలుచని కాస్టిక్ సోడా నీటిలో కడిగితే పైనున్న మైనం, జిగురు పోయి పట్టు పెరుగుతుంది. వేడి 200 డిగ్రీలు దాటితే నార మాడుతుంది. కాబట్టి అంతకంటే తక్కువ వేడికి కరిగే పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్‌లే దీనికి పనికొస్తాయి.

చెరువులోనే నాణ్యత

ఫ్యాక్టరీలో ఎంత శుద్ధి చేసినా, నార మంచిచెడ్డలు తేలేది చెరువులోనే. నానడం చాలకపోతే బెరడు అంటుకుని ఉంటుంది. ఎక్కువైతే నార కుళ్లి బలం పోతుంది. బురద నీటిలో నల్లబడుతుంది. ఒకే తీరు నార లేకపోతే పలక ఒకచోట గట్టిగా, మరోచోట బలహీనంగా తయారవుతుంది.

వర్షాలు ముఖం చాటేసిన ఏడు కట్టలు ముంచడానికే నీరుండదు. నానడాన్ని త్వరగా ముగించి, నార నాణ్యత పెంచే సూక్ష్మజీవుల పొడిని బారక్‌పూర్‌లోని కేంద్ర జనపనార పరిశోధన సంస్థ రూపొందించింది. అది పల్లెకు చేరాలి. ఊరికొక శుభ్రమైన నానబెట్టే కుంట ఉండాలి. మేలిరకం నారకు మేలైన ధర దక్కాలి. ఇవేవీ లేనప్పుడు, గోగునార కార్లలోకి ఎక్కుతుందన్న కబురు రైతు ఇంటికి గింజ తేదు.