యాసిడ్ నిల్వకు ఏ ట్యాంకు?

హైటెక్ సిటీ దాటి శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు వెళ్తే డ్రిప్పు మీద కూరగాయలు, పూలు సాగుచేసే రైతులు కనిపిస్తారు. బోరు నీటిలోని ఉప్పు పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతే యాసిడ్‌తో శుభ్రం చేయడం మామూలే. మరి ఆ యాసిడ్‌ను మీరు దేనిలో నిల్వ చేస్తున్నారు?

విశాఖ పాఠం

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్ వేడెక్కితే తనంతట తానే గట్టిపడుతూ మరింత వేడి పుట్టిస్తుంది. ప్రభుత్వ కమిటీ విచారణలో తేలిందేమంటే, ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. పైభాగం వేడెక్కిన సంగతి తెలియలేదు. చల్లబరిచే యంత్రాలనూ రాత్రింబవళ్లు నడపలేదు. లోపలి సరుకు గుణం తెలిసి దానికి తగ్గట్టు ట్యాంకును ఎంచుకోవాలి, కనిపెట్టుకుని ఉండాలి. పెద్ద ఫ్యాక్టరీకైనా, మన పొలానికైనా ఇదే సూత్రం.

బరువు, లోహం చూడాలి

వెయ్యి లీటర్ల నీరు వెయ్యి కిలోలు తూగితే, అంతే గాఢ గంధకామ్లం సుమారు 1,840 కిలోలు తూగుతుంది. నీళ్ల కోసం చేసిన పలుచటి ట్యాంకు ఆ బరువుకు పగిలిపోవచ్చు. గాఢ గంధకామ్లాన్ని ఫ్యాక్టరీల్లో ఇనుప ట్యాంకుల్లోనే ఉంచుతారు. అదే నీరు కలిసి పలుచబడితే ఇనుమును తినేస్తుంది. డ్రిప్పుకు వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు ఇనుము, స్టీలు రెండూ పనికిరావు. మందపాటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ క్యానే మేలు.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

* క్యాన్లను నీడలో, గాలి ఆడేచోట, పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచండి. మోటారు స్టార్టరు పెట్టె పక్కన పెట్టొద్దు. యాసిడ్ ఆవిరికి అది తుప్పు పడుతుంది.
* కారితే నేల మీదికి పోకుండా క్యాన్‌ను పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో నిలపండి. క్యాన్‌లోని యాసిడ్ మొత్తం పట్టి, ఇంకా కాస్త ఖాళీ మిగలాలి.
* బ్లీచింగ్ పౌడరును అదే గదిలో పెట్టొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది.
* నీటిలో యాసిడ్ పోయాలి. యాసిడ్‌లో నీరు ఎన్నడూ పోయొద్దు.
* ఖాళీ క్యాన్లను మంచినీళ్లకు వాడొద్దు. పేరు చెరగకుండా రాసి పెట్టండి.
* కంట్లో పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు మంచినీటితో కడిగి, ఆసుపత్రికి వెళ్లండి.

డ్రిప్పర్ మూసుకుపోతే మళ్లీ కొనుక్కోవచ్చు. కన్ను పోతే తిరిగి రాదు.