కెమెరా కొనే ముందు: వెలుతురు లెక్క

ఫోటోగ్రఫీని అభిరుచిగా మొదలుపెట్టే విద్యార్థి మొదట అడిగే ప్రశ్న "ఏ కెమెరా కొనాలి?" అని. దుకాణంలో అడిగితే వెంటనే మెగాపిక్సెళ్ళ సంఖ్య చెబుతారు. చేతిలో ఉన్న డబ్బు పరిమితమైనప్పుడు ఆ ప్రశ్నను కొద్దిగా మార్చుకోవాలి. ఉన్న వెలుతురులో ఎంత భాగాన్ని నా పరికరం పట్టుకోగలదు? ఈ పాఠ్యభాగంలో ఆ లెక్కను తెలుసుకొని, దాన్నిబట్టి డబ్బు దేనిమీద పెట్టాలో చూద్దాం.

ముందు మెగాపిక్సెళ్ళ సంగతి తేల్చుకుందాం. గోడకు తగిలించుకొనే 12 × 8 అంగుళాల ఫోటోను చక్కగా ముద్రించడానికి అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600 × 2400, అంటే సుమారు 86 లక్షల పిక్సెళ్ళు కావాలి. తొమ్మిది మెగాపిక్సెళ్ళ లోపే! పదిహేనేళ్ళనాటి మంచి కెమెరాలో కూడా ఇంతకంటే ఎక్కువే ఉంటాయి. పైగా 12 మెగాపిక్సెళ్ళ నుంచి 24కు వెళితే బొమ్మ పొడవు, వెడల్పులు రెట్టింపు కావు. ఒక్కొక్కటి దాదాపు 1.4 రెట్లు మాత్రమే పెరుగుతుంది.

ఇక వెలుతురు విషయం. లెన్స్‌లో కాంతి ప్రవేశించే రంధ్రాన్ని అపర్చర్ అంటారు. దాన్ని ఎఫ్ సంఖ్యతో సూచిస్తారు. సంఖ్య చిన్నదైతే రంధ్రం పెద్దది. విద్యార్థులు తికమకపడేది ఇక్కడే. ఎఫ్ సంఖ్య అంటే లెన్స్ నాభ్యంతరాన్ని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చే విలువ అని గుర్తుంచుకుంటే తికమక ఉండదు. 50 మి.మీ. లెన్స్‌లో ఎఫ్ 2 వద్ద రంధ్రం వ్యాసం 25 మి.మీ.; ఎఫ్ 4 వద్ద 12.5 మి.మీ. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది, కాబట్టి కాంతి కూడా నాలుగో వంతే. అందుకే 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే వరుసలో ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా కాంతి సగానికి తగ్గుతుంది. ఈ మెట్టునే స్టాప్ అంటారు. షట్టర్ వేగం సెకనులో 60వ వంతు నుంచి 125వ వంతుకు మారినా ఒక స్టాప్ తగ్గినట్లే.

మూడోది ఐఎస్ఓ. దీన్ని పెంచితే కెమెరాలోకి ఎక్కువ కాంతి వస్తుందనుకోవడం పొరపాటు. వచ్చిన కొద్దిపాటి కాంతి సంకేతాన్ని పెద్దది చేసి చూపించడమే అది చేసే పని. పాలు తక్కువైనప్పుడు నీళ్ళు పోసి టీ గ్లాసులన్నీ నింపినట్లన్నమాట. గ్లాసులు నిండుతాయి, చిక్కదనం రాదు. ఫోటోలో ఆ పల్చదనమే నీడల్లో రంగురంగుల రేణువులుగా కనిపిస్తుంది. దాన్ని నాయిస్ అంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సాయంకాలం గుడి మండపంలో దీపాల వెలుగులో ఒకరి ముఖాన్ని తీయాలి. కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. లెన్స్‌ను 50 మి.మీ. దగ్గర పెడితే సాధారణంగా ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. చేయి కదలకుండా ఉండే షట్టర్ వేగం కోసం ఐఎస్ఓ 6400 పెట్టవలసి వచ్చిందనుకోండి. అదే చోట ఎఫ్ 1.8 వరకు తెరుచుకొనే 50 మి.మీ. లెన్స్ వాడితే మూడు స్టాపులకు పైగా లాభం. ఐఎస్ఓ 800 చాలు. కొత్త బాడీ కొన్నా ఇంత తేడా సులభంగా రాదు. ప్రధాన కంపెనీల లెన్సుల్లో చవకైనవాటిలో ఇదొకటి కూడా. అయితే ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా కనిపించే లోతు చాలా తక్కువ. పెళ్ళిలో గ్రూప్ ఫోటోను ఇలా తీస్తే ముందు వరుస చక్కగా వచ్చి, వెనక వరుస పెద్దలంతా మసకబారతారు. అక్కడ ఎఫ్ 5.6, 8 వంటివే సరైనవి.

కదలని వస్తువులకు ఇంకా చవకైన మార్గం ఉంది: ట్రైపాడ్. మండపం స్తంభాన్ని ఎఫ్ 8, ఐఎస్ఓ 100 పెట్టి కొన్ని సెకన్ల పాటు తీయవచ్చు. నాయిస్ దాదాపు ఉండదు. ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ 1870 దశకంలో అభిరుచిగా ఫోటోగ్రఫీ మొదలుపెట్టి, తరవాత హైదరాబాద్ ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ పెద్ద గాజు పలకలపైనే పనిచేశాడు. ఆనాటి పలకలకు కాంతిని గ్రహించే శక్తి తక్కువ. కెమెరాను స్టాండు మీద నిలిపి ఓపిగ్గా తీసిన ఆ భవనాల చిత్రాల్లోని స్పష్టత నేటి విద్యార్థి శ్రద్ధగా చూడదగినది. నన్నడిగితే, తేలికపాటి ట్రైపాడ్ కొని అది గాలికి ఊగుతోందని బాధపడేకంటే కాస్త బరువైనది కొనడం మేలు.

మార్కెట్ పరిస్థితి కూడా చిన్న బడ్జెట్‌కు అనుకూలంగానే ఉంది. 2018లో నికాన్, కెనాన్ రెండూ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలు తెచ్చాక కొత్త నమూనాలన్నీ ఎక్కువగా ఆ వైపే వస్తున్నాయి. అద్దం ఉన్న డిఎస్ఎల్ఆర్‌లను చాలామంది అమ్మేసి మారుతున్నారు. వాడినది కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో అడగాలి. లెన్స్‌ను రెండు వైపులా తెరిచి, ఒక వైపు నుంచి టార్చి వేసి మరో వైపు నుంచి ఏటవాలుగా చూడాలి. సాలెగూడు దారాల్లాంటి గీతలు కనిపిస్తే అది బూజు. ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల తేమలో ఇది త్వరగా పడుతుంది. లెన్స్‌ను తోలు సంచిలో బంధించి బీరువాలో పెట్టడం బూజును పిలిచి పీట వేసినట్లే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, అవి తేమ పీల్చుకున్నాక మార్చాలి. చిన్న తేమ మీటర్ పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు.

అభ్యాసం: మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎఫ్ 16, ఐఎస్ఓ 100, షట్టర్ సెకనులో 125వ వంతు పెట్టి ఒక ఫోటో తీయండి. తరవాత అపర్చర్‌ను ఎఫ్ 8కి మార్చి, ఫోటో అంతే వెలుతురుతో రావడానికి షట్టర్ వేగం ఎంత ఉండాలో కాగితం మీద లెక్కకట్టి, తీసి సరిచూడండి. కెమెరా లేనివారు ఈ లెక్కను కాగితం మీదే చేయవచ్చు. ఫోన్‌లో అపర్చర్ సాధారణంగా మారదు కాబట్టి, ప్రో మోడ్ ఉంటే ఐఎస్ఓను రెట్టింపు చేస్తూ షట్టర్ వేగాన్ని లెక్కకట్టి చూడండి.